నా ఎడమకాలి అమరులు

పేరు రాస్తే అగౌరవమనీ, రాయకపోతే అవిధేయత అనీ రెండు ఉత్తర్వులు ఏకకాలంలో అమలులో ఉన్నందున, ఏ పేరూ హోదా ఉదహరించకుండా, కేవలం దిశను బట్టి 'పైనున్న వారికి' అని సంబోధిస్తూ, అడుగుతీరం ఆవాసం, నాలుగవ గాయశాల, తొమ్మిదవ మంచం నుంచి పేరి త్రినాథం అనే నేను, జ్వరం లేని సమయంలో, పూర్తి స్పృహతో మనవి చేయడమేమనగా:

గాయపడిన ప్రతి పౌరుడూ తన గాయం గురించి దినచర్య రాయాలన్నది ఒక నిబంధన. గాయం ఇరవై ఒక్క రోజుల్లోగా మానాలన్నది మరొక నిబంధన. మొదటిది నేను పాటిస్తున్నాను. రెండవది గాయం పాటించాలి. పాటించని గాయాన్ని, అది ఉన్న అవయవంతో సహా, సైనిక లాంఛనాలతో తొలగిస్తారని తమకు తెలియనిది కాదు. తొలగించేది తామే.

ఇందులోని ప్రతి మాటా సత్యం. అందువల్ల తమకు కలగబోయే అసౌకర్యానికి నేను చింతించడం లేదు.

గాయ దినం 1

సముద్రం అడుగునున్న ఈ ఆవాసం బయటి గోడకు పట్టిన గుల్లలను గోకడం ప్రతి పౌరునికీ నెలకొక పూట విధి. విశ్వవిద్యాలయ ఉపన్యాసకులకు మినహాయింపు లేదు. మాకిచ్చే గోకుడుపారలకు పిడి మాత్రం ఉండదు. ఉదయం పదకొండు గంటలకు పార జారి, నీటిదుస్తును చీల్చి, ఎడమ పిక్క మీద జానెడు పొడవున దిగింది.

మా పూర్వీకుల ఒంట్లో తెల్లకణాలు ఎవరి అనుమతీ లేకుండా ఎముకల మూలుగలో పుట్టి, గాయం ఎక్కడుంటే అక్కడికి వాటంతటవే పరిగెత్తేవట. పెద్దజ్వరం వచ్చిన ఏడు అవి తిరగబడి సొంత మనుషులనే తిన్నాయి కనుక, అప్పటి నుంచి పుట్టిన ప్రతి బిడ్డ మూలుగకూ, కణాలు పుట్టకుండా, ముద్ర వేస్తున్నారు. ఇప్పుడు కణాలు, వాటిని మంజూరు చేసే విభాగంవారి గంగాళాల్లో పెరుగుతాయి. కావలసినవాడు దరఖాస్తు పెట్టుకోవాలి. నేను మూడు ప్రతుల్లో పెట్టుకున్నాను. మూడవ ప్రతి మీద రక్తం పడినందున తిరస్కరించారు. నాలుగవది రాసేటప్పుడు కాలు దూరంగా పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి మొదటి దళం మంజూరైంది. సూదిమందుగా ఎక్కించినది పైడమ్మ. ఈ గాయశాలలో పదిహేడేళ్ళుగా కట్లు కట్టే మనిషి. ఆమెకు యాభై నాలుగేళ్ళు. చేతులు గట్టివి, నోరు అంతకన్నా.

"కాలు కదపకండి పంతులుగారూ. ఈళ్ళు కొట్టడానికే పుట్టినోళ్ళు. సెడ్డ పురుగు కనిపిత్తే మింగేత్తారు, రేపటికి ఈళ్ళూ సచ్చిపోతారు. అంతే బతుకు."

"చాలా క్రమశిక్షణ గల బతుకు," అన్నాను.

"మీకు నొప్పెక్కువైనట్టుంది," అంది.

గాయ దినం 2

ఉదయం ఆరున్నరకు బాకా మోగింది. వీడ్కోలు అధికారి కోదండపాణి గారు ఒక జెండాతో, ఒక బాకా ఊదేవాడితో, ఒక ఇత్తడి చెంబుతో ప్రవేశించారు. పౌరుని గాయంలో మరణించిన ప్రతి కణమూ అమరకణం. అమరులు గాయంలో అనాథల్లా పడి ఉండరాదు. అందుచేత ప్రతి ఉదయం పైడమ్మ చేత గాజుగొట్టంతో చివరి చుక్క వరకూ పీల్చించి, కణదర్శిని కింద మరణం నిర్ధారించి, చెంబులో పోసి, వందనం సమర్పించి, స్మారక గొట్టం ద్వారా సముద్రంలో కలుపుతారు. ఈ పదార్థాన్ని మా అమ్మమ్మ కాలంలో చీము అనేవారు. ఆ మాట ఇప్పుడు శిక్షార్హం.

"లేచి నిలబడగలరా, ఉపన్యాసకులు గారూ?" అని కోదండపాణి గారు అడిగారు.

"నిలబడలేనండి."

"అయితే పడుకునే నిటారుగా ఉండండి."

ఉన్నాను. వందనం ముగిశాక ఆయన ఆనవాయితీ ప్రకారం చెంబును కళ్ళకద్దుకున్నారు. ఆయన కళ్ళలో నిజమైన నీళ్ళు ఉన్నాయని నమోదు చేయడం నా విధి.

పదవ మంచం మీద సింహాద్రి ఉన్నాడు. నీటి అడుగున తీగలు లాగే పనివాడు. రెండు నెలల కిందట కుడిచేతి చూపుడువేలికి తీగముక్క గుచ్చుకుంది. ఇరవై ఒక్క రోజుల్లో వేలు మానలేదు. తీసేశారు. తీసేసిన చోటు కూడా గాయమే కదా, దానికీ ఇరవై ఒక్క రోజులే. అది కూడా మానలేదు.

"ముందు వేలు, తరవాత మణికట్టు, మొన్న మోసెయ్యి," అని నాకు తనను తాను పరిచయం చేసుకున్నాడు. "నాను ముక్కముక్కలుగా అమరుణ్ణయిపోతన్నాను మేష్టారూ. ఇంకో ఏడాది ఆగితే నా మంచానికే దణ్ణం పెడతారు."

గాయ దినం 4

రెండవ దళం మంజూరైంది. వీటిని విభాగం భక్షక కణాలంటుంది, పైడమ్మ తిండిపోతులంటుంది. వీటి పని రెండు విడతలు. మొదట శిథిలాలను పగలగొట్టి తినడం. తర్వాత స్వభావం మార్చుకొని, కొత్త కండ కట్టించడం, కొత్త రక్తనాళాలను పిలవడం. కూల్చినవాడే కట్టాలన్న మాట.

"కడతారా?" అని అడిగాను.

"కట్టాల. పుస్తకాల్లో అలాగే ఉంది గదా. ఈ గాయశాల్లో కట్టినోణ్ణి నాను సూసింది తక్కువ."

గాయ దినం 7

రెండవ దళం ఇంకా పగలగొడుతూనే ఉంది. శిథిలాలు అయిపోయాక మంచి కండను మొదలుపెట్టింది. గాయం జానెడు నుంచి జానా రెండంగుళాలైంది. నిన్న విభాగానికి నివేదించగా, కారణం 'దళాలలో ఉత్సాహలోపం' అని తేల్చి, మొదటి దళాన్ని రెట్టింపు సంఖ్యలో పంపారు. కోదండపాణి గారు గాయానికి దగ్గరగా వంగి ఆరు పేజీల ఉద్బోధ చదివారు. గాయం స్పందించలేదు. ఈ ఉదయానికి అమరులు రెట్టింపయ్యారు కనుక చెంబు మార్చి బిందె తెచ్చారు.

గాయ దినం 10

నొప్పి ఎక్కువ. అల్పాహారం నాచు జావ. మధ్యాహ్న భోజనం నాచు జావ. పైడమ్మ తన ఇంటినుంచి తెచ్చిన జీలకర్ర కాస్త చల్లి ఇస్తోంది గనుక మింగగలుగుతున్నాను.

కట్టు విప్పుతూ ఆమె గొంతు తగ్గించింది. "ఆరేళ్ళ కిందట గాలితూములోళ్ళు సమ్మె సేసినప్పుడు మీరెక్కడున్నారు?"

"విశ్వవిద్యాలయంలో. సమ్మెను ఖండిస్తూ తీర్మానం రాస్తున్నాను."

"రాసుంటారు. అప్పుడు గాలి తక్కువని బాకా ఊదేవోడు రానేదు. అయ్యగారూ రానేదు. నాలుగు పొద్దులు ఈ గాయశాల్లో ఎవులూ ఎవుల్నీ పీల్సనేదు. ముప్పై ఒక్కమంది ఉండేవోరు. అయిదో పొద్దుకి ఇరవై ఆరు గాయాలు ఎర్రగా కండ పట్టేసినాయి."

"నివేదించలేదా?"

"రాసిచ్చాను. డిగ్రీ లేనోళ్ళ పరిశీలన పరిశీలన కాదని ఎనక్కొచ్చింది." ఆమె గాజుపలక మీద నా గాయం నుంచి ఒక చుక్క వేసి కణదర్శినిలో పెట్టింది. మరణ నిర్ధారణ కోసం ఆ పరికరం ఆమె అధీనంలోనే ఉంటుంది. "కన్ను పెట్టండి. ఆ పెద్దోడు కనిపిత్తన్నాడా? ఆడి కడుపులో సిన్నవి మడతపడి ఉన్నాయి సూడండి. మొదటి దళమోళ్ళ శవాలు. పొద్దుట్నించి ఒకే ఒక్కడు దొరికాడు, కడుపులో శవాలున్నోడు."

ఆ ఒక్కడూ మిగతావాటిలా లేడు. గుండ్రంగా, పళ్ళు నూరుతున్నట్టు లేడు. సాగి, పొడవై, నిదానంగా ఉన్నాడు. పక్కన సన్నని పోగులేవో అల్లుకుంటున్నాయి.

"సచ్చినోడు కడుపులో పడితే గానీ ఈడికి తెల్దు పంతులుగారూ, యుద్ధం అయిపోయిందని. అప్పుడు పార ఒగ్గేసి తాపీ అందుకుంటాడు. మనమేటి సేత్తన్నాం? తెల్లారేసరికి సచ్చినోళ్ళందర్నీ ఊడ్సుకుపోయి బాకా ఊదుతన్నాం. ఈడికెలా తెలుత్తాది? ఇంకా కొట్టాలనే అనుకుంటాడు. కొడుతూనే ఉంటాడు."

నేను కణదర్శిని నుంచి కన్ను తీయలేదు. తీస్తే ఆమె ముఖం చూడాల్సి వస్తుంది.

"ఈ దిక్కుమాలిన రూలు ఏ మారాజు రాసాడో గానీ," అంది పైడమ్మ, "ఆడి సేతికి గుచ్చుకోవాల తీగ."

గాయ దినం 11

దినచర్యలో సత్యమే రాయాలి. ఆ మహారాజును నేనే.

పద్దెనిమిదేళ్ళ కిందట, పరిపాలనా భాషలో పట్టా పుచ్చుకున్న కొత్తలో, అమరకణ గౌరవ నిబంధనావళిని చిత్తుప్రతి నుంచి తుది ప్రతి వరకూ నేనే రాశాను. 'చివరి చుక్క వరకూ' అన్న పదబంధం నాదే. లయ కోసం వేశాను. సన్మానసభలో శాలువా కప్పారు. ప్రస్తుతం ఆ శాలువా కప్పుకునే మంచంలో ఉన్నాను. గాయశాలలో చలి ఎక్కువ.

ఈ సంగతి ఉదయం ఇద్దరికీ చెప్పాను. పైడమ్మ కట్టు ముడి వేస్తున్నది వేస్తూనే ఉంది, కాకపోతే ముడి బిగుసుకుంది. సింహాద్రి తన మోచేతి దగ్గరి కట్టును చూసుకున్నాడు.

"మరైతే నా సెయ్యి నీ రాతలో పోయిందన్నమాట," అన్నాడు.

అప్పటివరకూ నన్ను మీరు అనేవాడు.

"అవును," అన్నాను.

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గాయ దినం 13

సింహాద్రి ఇంకా గోడవైపే. కాలికి ఇంకా ఎనిమిది రోజులు. ఉదయం ఆరు గంటలకు, బాకాకు అరగంట ముందు, పైడమ్మ ఖాళీ బిందెతో నా మంచం దగ్గర నిలబడింది.

"రూలు రాసినోరు మీరు. సెప్పండి. పీల్సాలా, ఒద్దా?"

"పీల్చవద్దు."

"అయ్యగారొచ్చి బిందె అడిగితే?"

అల్పాహారపు గిన్నె వైపు ఇద్దరం ఒకేసారి చూశాం. నాచు జావ చిక్కన, లేత పసుపు, కొంచెం జిగట. ఈ ఆవాసపు వంటశాల మీద నాకు తొలిసారి కృతజ్ఞత కలిగింది.

ఆరున్నరకు నాచు జావకు పూర్తి సైనిక లాంఛనాలతో వందనం జరిగింది. కోదండపాణి గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆకలితో ఉన్న నేను కూడా.

గాయ దినం 16

మూడు రోజులుగా నా చనిపోయినవారు నాలోనే ఉన్నారు. గాయం అడుగున ఎర్రటి గింజల్లా కొత్త కండ లేచింది. ముట్టుకుంటే రక్తం చిమ్మేంత లేతగా ఉంది. అంచులు లోపలికి పాకుతున్నాయి. పైడమ్మ కణదర్శినిలో లెక్కపెట్టి, పదింట ఎనిమిది తిండిపోతులు తాపీ పట్టాయని చెప్పింది. తొమ్మిదోది ఆలోచిస్తోందట.

మధ్యాహ్నం గోడవైపు నుంచి మాట వినిపించింది. "పైడమ్మక్కా."

"ఏటి?"

"నా మోసేతి బిందెలో కూడా ఆ జావే ఏసీ. ఆ రాసినోడికొక్కడికేనేటి పెళ్ళిభోజనం?"

"నీకూ ఏత్తాను. కానీ ఆ పంతులికి ముందు కాస్త కనికారం సూపించు."

"కనికారం ఎందుకు? కాలు ఉందిగా ఆడికి."

ఇది న్యాయమైన పరిశీలన. డిగ్రీ లేనివాడు చేసినది.

గాయ దినం 17

రెండు బిందెల జావకు వందనం జరిగింది. బాకా ఊదేవాడు ఇంత త్యాగం తన ఉద్యోగంలో చూడలేదని అన్నాడట.

గాయ దినం 19

గాయం వేలెడు పొడవుకు తగ్గింది. మిగిలిన చోట ఉల్లిపొరంత చర్మం పరుచుకుంది. సింహాద్రి మోచేయి రెండు పూటల్లోనే ఎర్రబారింది. వాడు దాన్ని ఎడమచేత్తో పట్టుకొని, అద్దంలో ముఖం చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. నన్ను తిరిగి 'మేష్టారూ' అన్నాడు. నీళ్ళ చెంబు అందించమనడానికి, అంతే. అందించాను.

ఆ తరువాత జరిగిన పొరపాటుకు కారణం ద్రోహం కాదు, మంచి వంట. అలవాటు చొప్పున పైడమ్మ బిందెలోని జావలో కూడా జీలకర్ర చల్లింది.

వందనం ముగిసింది. కోదండపాణి గారు బిందెను కళ్ళకద్దుకున్నారు. అద్దుకున్న బిందెను దించలేదు. ముక్కు కాస్త కదిలింది.

"పైడమ్మా."

"అయ్యా."

"అమరులకు జీలకర్ర వాసన ఎందుకు వస్తోంది?"

పైడమ్మ నేలచూపులు చూసింది. సింహాద్రి పగలబడి నవ్వాడు. ఈ గాయశాలకు వచ్చాక వాడు నవ్వడం అదే మొదటిసారి అని ఆ తర్వాత పైడమ్మ చెప్పింది. నవ్వు ఆగేదాకా బాకా ఊదేవాడు వందన భంగిమలోనే ఉన్నాడు. దించమని ఎవరూ చెప్పలేదు మరి.

గాయ దినం 20

విచారణ నా మంచం దగ్గరే జరిగింది. కోదండపాణి గారు నిలబడ్డారు. నేను పడుకునే నిటారుగా ఉన్నాను.

"ఏడు రోజుల అమరులు ఎక్కడ?"

"కాలిలో ఉన్నారండి."

"బయటికి తీయండి."

"వీలుకాదు. తినేశారు."

"ఎవరు?"

"మీరు పంపిన రెండవ దళమే."

"తిన్నవాళ్ళు ఎక్కడ?"

"కట్టుబడి పనిలో ఉన్నారు. చివరి వేలెడు మేర మిగిలింది. కొద్ది రోజులు ఆగితే పని ముగించుకొని వాళ్ళే వెళ్ళిపోతారు. మీరు కాలు చూడవచ్చు. మానుతోంది."

ఆయన చూడలేదు. మానిన గాయాన్ని పరిశీలించే అధికారం వీడ్కోలు శాఖకు లేదన్నారు. అందులో కపటం లేదు. ఆ మనిషి పద్దెనిమిదేళ్ళు ప్రతి ఉదయం ఏడ్చింది మనస్ఫూర్తిగానే. ఇప్పుడు ఏడు ఉదయాలు జావ కోసం ఏడ్చానని ఒప్పుకోవడం కన్నా నా కాలు తీయించడం ఆయనకు తేలిక.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. గాయం మానుతోందా లేదా అన్నది అప్రస్తుతమట. అమరుల పార్థివ దేహాలను అక్రమంగా శరీరంలో నిలుపుకున్నందున, వాటిని వెలికితీసే నిమిత్తం, నా ఎడమకాలిని రేపు సాయంత్రం మోకాలి నుంచి తొలగిస్తారు. పైడమ్మను విధుల నుంచి తప్పించి, బయటి గోడకు గుల్లలు గోకడానికి పంపారు. పార ఇచ్చారు. పిడి ఇవ్వలేదు.

సింహాద్రి మోచేతి నుంచి, కొత్తగా వచ్చిన మనిషి చేత, అక్కడికక్కడే చివరి చుక్క వరకూ పీల్చించారు. బాకా ఊదారు. వాడు ఈసారి నవ్వలేదు.

"మేష్టారూ," అన్నాడు అందరూ వెళ్ళాక. "రాసి నా సెయ్యి తీసావు గదా. రాసి నీ కాలు ఆపుకోలేవేటి?"

గాయ దినం 21

ఆపుకోగలను.

నేను రాసిన నిబంధనావళిలో పద్నాలుగవ నిబంధన, ఆరవ ఉపనిబంధన ఇలా ఉంది: 'అమరుల దేహాలు ఏ స్థలంలో విడదీయరాని విధంగా కలిసిపోతాయో ఆ స్థలం స్మారకస్థలం. దానిని తవ్వరాదు, కోయరాదు, కదల్చరాదు. పాదరక్షలతో సమీపించరాదు. దానికి ఎదురైన ప్రతి అధికారీ ఆగి వందనం చేయాలి.' రాసినప్పుడు నా మనసులో ఉన్నది స్మారక గొట్టం తెరుచుకునే సముద్రపు అడుగు. కాగితం మీద ఉన్నది మాత్రం 'ఏ స్థలంలో' అని. తమరు ఆమోదముద్ర వేసింది కాగితం మీద.

కావున, స్మారకం ఎక్కడున్నదో తమకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నిన్న విచారణలో కోదండపాణి గారు బూట్లతో నిలబడ్డారు. దీనిని అపచారంగా నమోదు చేయడమైనది. స్మారకాన్ని కదల్చకూడదన్న నిబంధనను స్మారకం తనంతట తాను నడిచి వెళ్ళకూడదని అన్వయించడానికి తమరు ప్రయత్నించవచ్చు. ఆ వాదనను అంగీకరించడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు నన్ను గుల్లల గోకుడుకు కూడా పిలవలేరు.

పై విషయాల దృష్ట్యా దిగువ కోరికలను లాంఛనంగా దాఖలు చేస్తున్నాను. ఏ ప్రతి మీదా రక్తం పడలేదు. గమనించగలరు.

కోరిక 1. నా ఎడమకాలిని నాలుగవ గాయశాల అమరకణ స్మారకంగా ఈ సాయంత్రంలోగా ప్రకటించాలి. కోతకు వచ్చేవారు ముందుగా చెప్పులు విడిచి, వందనం చేసి, తిరిగి వెళ్ళాలి.

కోరిక 2. పైడమ్మను పూర్వ స్థానంలో నియమించి, ఆరేళ్ళ కిందట ఆమె ఇచ్చిన నివేదికను వెనక్కి పంపిన వ్యక్తికి పిడిలేని పార ఒకటి అందజేయాలి.

కోరిక 3. గాయశాలలో ఏ గాయం నుంచీ ఇకపై చనిపోయినవారిని ఎత్తుకుపోరాదు. చనిపోయినవారు బతికున్నవారికి చెప్పవలసిన మాట ఒకటుంటుంది. అది చెప్పి ముగించేదాకా ఎవరూ బాకా ఊదరాదు. నిబంధన నాది గనుక, దాన్ని కొట్టివేయాలని కోరేవారిలో నా పేరు మొదట రాసుకోండి. శాలువా దీనితో జతపరిచాను.

కోరిక 4. సింహాద్రి చూపుడువేలు. సింహాద్రి మణికట్టు. సింహాద్రి మోచేయి. వీటిని ఎక్కడ, ఏ గొట్టం ద్వారా, ఎంతమంది వందనంతో సముద్రంలో కలిపారో రాతపూర్వకంగా అతనికి తెలియజేయాలి. అతను చదవలేడు. కనుక పైనున్న వారిలో ఒకరు స్వయంగా వచ్చి, పదవ మంచం పక్కన నిలబడి, చదివి వినిపించాలి. నిలబడలేకపోతే పడుకునైనా నిటారుగా ఉండాలి.

కోరిక 5. ఈ దాఖలాకు ఇరవై ఒక్క రోజుల గడువు. అప్పటికీ సమాధానం రాని పక్షంలో, సదరు విభాగాన్ని మానని గాయంగా పరిగణించి, అమలులో ఉన్న నిబంధన ప్రకారం, అది ఉన్న అవయవంతో సహా, బాకాతో తొలగించాలి.